మొదటి పిడికెడు

ఎమ్మిగనూరు,
19 జనవరి 2025.

సబాకు,

ఫోన్లో అయితే నువ్వు సగంలో పెట్టేస్తావు. మొన్న ఆదివారం రెండుసార్లు అలాగే పెట్టేశావు, మీటింగులో ఉన్నానని. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని సగంలో పక్కన పడేసినా బల్ల మీదే ఉంటుంది, మర్నాడు మళ్లీ కనబడుతుంది.

జిల్లా పేపర్లో నీ ఫోటో చూశాను. "తొలినాటి విశ్వంలో దాక్కున్న క్వేజార్‌ను పట్టిన ఆదోని అమ్మాయి" అని హెడ్డింగు. మా హెడ్మాస్టరు రామన్న సారు స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించారు. క్వేజార్ అంటే పెద్ద కృష్ణబిలం చుట్టూ మండే వెలుగని నేనే చెప్పాల్సి వచ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "నీతో డిగ్రీ సదివిన పిల్లే గదమ్మా. నువ్వు గూడా ఆ పూణేలో పన్జేసినానంటివే, ఆడ నువ్వేం జేస్తాంటివి?" అన్నారు. నువ్వే చెప్పు, ఆయనకు ఏమని చెప్పను?

నేనేం చేశానో నీకు తెలుసు. అయినా రాస్తాను, నేను మర్చిపోలేదని నీకు తెలియాలి. ఆకాశంలో ఒకే చోటును ఆ ఎక్స్-రే టెలిస్కోపు ఆరు విడతల్లో, విడతకు ఒక రోజు చొప్పున చూసింది. మామూలు వెలుతురు ఫోటోలో ఆ చోట ఏమీ లేదు. పరారుణ ఫోటోలో ఒక మసక ఎర్ర చుక్క. దాని మీదే పద్నాలుగు ఎక్స్-రే ఫోటాన్లు వచ్చి పడ్డాయి. మీరంతా అది ఉత్త చప్పుడన్నారు, పరికరంలో తనంతట పుట్టే నాయిస్ అన్నారు. "పద్నాలుగు చుక్కలతో ముగ్గేస్తావా ప్రేమా" అని నువ్వు నవ్వావు. ఆ రోజే నీలం నోటుబుక్కులో రాసి పెట్టాను, 11 జనవరి 2023 అని తేదీ వేసి: "ఇది చప్పుడు కాదు. దుమ్మూ వాయువూ కప్పుకుని ఉన్న క్వేజార్. వెలుతురు ఆ ముసుగులోనే ఆగిపోయింది. గట్టి ఎక్స్-కిరణాలు దాటి వచ్చాయి. విశ్వానికి వంద కోట్ల ఏళ్లు కూడా నిండనప్పుడు బయలుదేరిన కిరణాలు."

ఆ ఫిబ్రవరిలో అమ్మ మిరప కోతలకు పోయిన చోట కళ్లు తిరిగి పడింది. మా ఊరు కోసిగి నుంచి పోయిన గుంపులో ఆమెను ఆసుపత్రికి మోసుకుపోయే తీరిక ఎవరికీ లేదు. నేను పోయాను. పోతూ నోటుబుక్కూ, శుభ్రం చేసిన డేటా ఫైలూ నీ చేతికే ఇచ్చాను, నెలలో వస్తానని. నెల తర్వాత నా కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

ఇప్పుడు మీ పరిశోధన పేపరు చదివాను, అచ్చుకు ముందే ఇంటర్నెట్లో పెట్టిన ప్రతి. ఆరుగురి పేర్లున్నాయి. చివర కృతజ్ఞతల్లో కంప్యూటర్ గదిని చల్లగా ఉంచిన ఎలక్ట్రీషియన్ పేరు కూడా ఉంది. బాగుంది, ఆయన మంచివాడు. నా పేరు మాత్రం ఎక్కడా లేదు.

దానికంటే మండింది ఇంకొకటి. విలేకరికి మీ దాదా కథ చెప్పావు. పత్తి యార్డులో నాణ్యం చూసే పీరా సాబ్ తాత ప్రతి బోరెం సంచిలోంచీ తీసిన మొదటి పిడికెడు పక్కన పారేసేవాడని, పైన ఉండేది అమ్మేవాడు చూపించాలనుకున్న పత్తి అని, అందుకే నువ్వు కూడా మొదటి రోజు డేటాను పారేశావని. నువ్వెక్కడ పారేశావు సబా? ఆరు రోజుల్లో మొదటి రోజును తీసేసింది ఈ చెయ్యి. మీ దాదాను చూసి నేర్చుకున్నది నువ్వూ నేనూ ఇద్దరం. చేసింది నేను.

మీ పేపరు ఏప్రిల్లో గానీ అచ్చు కాదట. మేలో బెంగళూరులో నాకు పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఉంది. రెండుసార్లు వెనక్కి పంపారు, ప్రచురణ ఒక్కటీ లేదని. మూడోసారి కూడా కాకపోతే నేను ఈ ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కటకాల బొమ్మలు గీస్తూనే ఉండిపోతాను. నా పేరు పెట్టించు. అడుక్కోవడం లేదు. నాదే అడుగుతున్నాను.

ప్రేమలత


పూణే,
2 ఫిబ్రవరి 2025.

ప్రేమా,

స్పీడ్ పోస్టులో తిట్లు అందుకోవడం నాకు ఇదే మొదటిసారి.

నువ్వు చుక్కలు చూశావు. కాదనను. కానీ చుక్కలు చూడడమే కనిపెట్టడం అయితే ఈ ల్యాబులో ప్రతివాడూ వారానికొక క్వేజార్ కనిపెట్టేవాడు. అది ఎంత దూరంలో ఉందో తేల్చింది ఎవరు? పరారుణ టెలిస్కోపుకు మూడుసార్లు అర్జీ పెట్టి, రెండుసార్లు తిరస్కరిస్తే, మళ్లీ రాసి సమయం తెచ్చింది ఎవరు? ఆ పద్నాలుగింటిలో పన్నెండు ఎక్కువ శక్తివి, రెండే తక్కువ శక్తివి. తక్కువ శక్తివి ముసుగులో ఆగిపోతున్నాయంటే ముసుగు ఎంత దట్టమైనదో లెక్కకట్టింది ఎవరు? అంత దూరంలో ఇప్పటిదాకా చూసిన వాటిలో అంత దట్టమైన ముసుగు ఇంకోటి లేదని మేము రాశాం. ఆ ఒక్క వాక్యం కోసం రెండేళ్లు పోయాయి. నువ్వు ఆ రెండేళ్లూ ఇక్కడ లేవు.

ఎందుకు లేవో నాకు తెలుసు. మిరప చేలో మీ అమ్మ పడిపోయిందని, అత్తమ్మ సంగతి విని నేనూ ఏడ్చాను. కానీ కాంట్రాక్టు మీద పనిచేసినవాళ్ల పేర్లు పేపర్లలో పెట్టరు, అది ఇక్కడి పద్ధతి. నా మొదటి ఏడాదిలో రెండు పేపర్లకు రాత్రింబవళ్లు పనిచేశాను. నా పేరూ పెట్టలేదు. అప్పుడు నేను ఎవరికీ ఉత్తరాలు రాయలేదు. మింగాను.

మొదటి రోజు డేటా గురించి ఇంత గొడవ దేనికి? ఆ రోజు సూర్యుడి తుఫాను ఉంది, అందుకని తీసేశాం. ఎవరైనా తీసేస్తారు. దాదా కథ విలేకరికి నచ్చుతుందని చెప్పాను, నచ్చింది. మా దాదా కథ చెప్పడానికి నేను నీ అనుమతి తీసుకోవాలా?

మన ల్యాబు పెద్ద సార్‌ని అడుగుతాను. మాట ఇవ్వలేను.

సబా


ఎమ్మిగనూరు,
11 ఫిబ్రవరి 2025.

సబా,

నువ్వు మింగావు కాబట్టి నేనూ మింగాలా? ఇదేం న్యాయం? నీకు అన్నం పెట్టనివాళ్ల మీద కోపం వాళ్లకు చూపించలేక నా కంచం లాక్కుంటావా?

ఒక్కటే అడుగుతాను, దీనికి సూటిగా జవాబు రాయి. మొదటి రోజు సూర్యుడి తుఫాను ఉందని నీకు ఎవరు చెప్పారు?

ప్రేమలత


పూణే,
1 మార్చి 2025.

ప్రేమా,

ఎవరు చెప్పారంటే ఏమని రాయను? నువ్వే చెప్పినట్టు లెక్క.

నీ ఫైలులో ఆరు రోజులకు ఐదు రోజులే ఉన్నాయి. పరిశోధన పత్రిక తరఫున పేపరును పరిశీలించినవాళ్లు మొదటి రోజు ఏమైందని అడిగారు. జవాబుకు మూడు రోజులు గడువిచ్చారు. నువ్వు తీసేశావంటే ఏదో కారణం ఉండే ఉంటుంది కదా. ఊరికే ఒక రోజు డేటా పారేసే పిచ్చిదానివి కాదు నువ్వు. ఆ టెలిస్కోపు డేటాను సూర్యుడి తుఫాన్లు పాడుచేయడం మామూలే, సగం మంది అందుకే తీసేస్తారు. అదే రాశాను. వాళ్లూ ఒప్పుకున్నారు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

సార్‌ని అడిగాను. కుదరదన్నారు. కావాలంటే కృతజ్ఞతల్లో ఒక పేరు చేరుస్తామన్నారు. నేను ఇంతకంటే గట్టిగా అడిగితే నా ఉద్యోగం పొడిగింపు కాగితం ఆయన బల్ల మీదే ఉందని నాకు గుర్తుచేశారు. నీకు ఇంటర్వ్యూ ఉన్నట్టే నాకూ ఒకటుంది. దాని గురించి నువ్వు ఒక్క వాక్యం కూడా అడగలేదు.

డిగ్రీలో ల్యాబ్ రికార్డు నువ్వు రాస్తే నేను దిద్దేదాన్ని, నేను రాస్తే నువ్వు దిద్దేదానివి. ఒకరి మార్కులు ఒకరం లెక్కేసుకున్నామా? ఇప్పుడు నేను నాలుగు మెట్లెక్కితే నీకు కళ్లు మండుతున్నాయి. ఆ మాట రాయకూడదనుకున్నాను. రాసేశాను.

సబా


ఎమ్మిగనూరు,
26 మార్చి 2025.

సబా,

కళ్లు మండుతున్న మాట నిజమే. ఎందుకో కూడా చదువు.

సూర్యుడి తుఫాన్ల పట్టికలు ఎవరైనా చూడొచ్చు. మా స్కూలు కంప్యూటర్ గదిలో పిల్లలు వెళ్లాక కూర్చుని చూశాను. ఆ రోజు తుఫాను లేదు. దానికి ముందు వారం లేదు, తర్వాత వారం లేదు. సూర్యుడు పడుకుని ఉన్నాడు. నీ పేపర్లో ఉన్న తుఫాను నీ బుర్రలో తప్ప ఎక్కడా రాలేదు.

మరి నేను ఆ రోజు ఎందుకు తీసేశానంటావా? ఇదే రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. ఏ కారణమూ లేదు. మొదటి పిడికెడు కాబట్టి తీసేశాను. డిగ్రీ సెలవుల్లో ఆదోని యార్డుకు పోయి మీ దాదా పక్కన కూర్చునేవాళ్లం, గుర్తుందా? ఆయన మొదటి పిడికెడు తీసి పక్కన వేసేవాడు, తర్వాత మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలిది లాగేవాడు. అది నా చేతికి అలవాటైపోయింది. బియ్యంలోనూ అంతే చేస్తాను. తీసేసిన రోజును తెరిచి కూడా చూడలేదు.

పోయిన ఆదివారం ఆదోనికి బస్సెక్కాను. మీ దాదా అరుగు మీద ఉన్నాడు. కళ్లు సరిగ్గా కనబడక నన్ను గొంతుతో గుర్తుపట్టాడు. "సబా రాలేదా? నువ్వొక్కదానివే వచ్చినావా?" అన్నాడు. నేను ఒకటే అడిగాను, మొదటి పిడికెడు ఎందుకు పారేసేవాడివి తాతా అని.

ఆయనకు కోపం వచ్చింది. "పారేస్తాంటినా? యాడ పారేస్తి? ఒళ్లో తువ్వాల మీద పెట్టుకుంటాంటి. లోపల్ది లాగినాక రెండూ పక్కపక్కన పెట్టి పీకి సూస్తాంటి. పైది బాగుండి లోపల్ది సెడిపోయింటే ఒక లెక్క, రెండూ ఒకటే అయితే ఇంకో లెక్క. పైదాన్ని పారేస్తే లోపల్దాన్ని దేంతో పోల్చేదమ్మా?" అన్నాడు. అంతటితో ఆగలేదు. తలగడ కుట్టు విప్పి దూది లాగి, ఒళ్లో పెట్టుకుని మరీ చూపించాడు. "మీరిద్దురూ సోడా తాక్కుంటా నవ్వుకుంటాంటిరి. సగమే సూసింటారు" అన్నాడు.

సగమే చూశాం సబా. నేను ఆ సగంతో డేటా కోశాను. నువ్వు ఆ సగంతో జిల్లా పేపరుకు ఇంటర్వ్యూ ఇచ్చావు.

ఇప్పుడు నా కోపం విను. నా ఫైలు తీసుకున్నావు. నా చేతి మీద నీకెంత నమ్మకమంటే, నేను తీసేశానంటే కారణం ఉండే ఉంటుందని నీ పేరును దాని మీద పెట్టావు. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం రాయలేదు. ఒక్క ఫోను చేసి, "ఎందుకు తీసేశావే?" అని అడిగి ఉంటే చెప్పేదాన్ని. మూడు రోజులు గడువిచ్చారన్నావు, ఫోనుకు మూడు నిమిషాలు చాలు. అడిగితే నా పని ఉందని ఒప్పుకోవాలి. అందుకే అడగలేదు. అడక్కుండా ఉండడానికి ఒక తుఫాను పుట్టించావు.

మొదటి రోజును తెరిచి చూడు. అందులో ఏముందో నాకు తెలియదు. నా దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ లేదు, నీ దగ్గరుంది.

ప్రేమలత


పూణే,
27 ఏప్రిల్ 2025.

ప్రేమా,

చూశాను.

మొదటి రోజు అదే చోట ఐదు ఫోటాన్లున్నాయి. ఐదూ తక్కువ శక్తివే. ముసుగులో ఆగిపోవాలని మేము రాసినవే. నాలుగుసార్లు చూశాను, ఐదూ పోలేదు. మొత్తం పంతొమ్మిదింటిలో ఏడు తక్కువ శక్తివి అయ్యాయి. క్వేజార్ ఉంది, అది అంత దూరంలోనే ఉంది, ముసుగూ ఉంది. కానీ అందరికంటే దట్టమైన ముసుగు అన్న వాక్యం పోయింది. ఆ రోజు ముసుగు కాస్త పక్కకు జరిగిందో, దారిలో ఇంకేదైనా అడ్డొచ్చిందో పంతొమ్మిదింటితో చెప్పలేం. ఆ వాక్యం కోసమే ఆ పత్రిక మా పేపరు తీసుకుంది.

సార్‌కి చెప్పాను. వదిలేయమన్నారు, ఎవరూ చూడరన్నారు. తుఫాను సంగతి చెబితే కుర్చీ వెనక్కి తోసి లేచి అరిచారు. నేనూ అరిచాను. ఆ వరండాలో నా గొంతు అంత పెద్దగా ఎవరూ విని ఉండరు. పేపరు అప్పటికే అచ్చయింది. వెనక్కి తీసుకుంటున్నామని మర్నాడు నేనే పత్రికకు రాశాను. పొడిగింపు కాగితం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది, ఇక అక్కడే ఉంటుంది.

నువ్వు రాసింది నిజం. అడిగితే నీకు పేరివ్వాల్సి వస్తుందని అడగలేదు. అప్పుడు అలా అనుకున్నట్టు కూడా నాకు గుర్తులేదు, కానీ ఫోను చేతిలోకి తీసుకుని కింద పెట్టిన సంగతి గుర్తుంది. క్షమించమని రాయను, రాస్తే నువ్వు చించేస్తావు.

కానీ నేనూ ఒకటి అడుగుతాను. తుఫాను లేదని నీకు ఫిబ్రవరిలోనే తెలిసి ఉండాలి. లేకపోతే ఆ ప్రశ్న అంత పొట్టిగా అడగవు. మార్చి ఆఖరు దాకా ఎందుకు ఆగావు? నీ పేరు ముందు పడనీ, తప్పు సంగతి తర్వాత చూద్దామనే కదా? నా మీద అరిచేటప్పుడు అది కూడా కలిపి అరువు.

వెనక్కి తీసుకునే ప్రకటన ముసాయిదా ఇందులో పెట్టాను. ప్రకటనలో పేరున్న ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలట. నీ పేరు రెండో పేరాలో ఉంది. కోపం కొంచెమైనా తగ్గిందా?

సబా


ఎమ్మిగనూరు,
16 మే 2025.

సబా,

అవును. అందుకే ఆగాను. నువ్వు రాసిన అన్నాళ్లూ ఆగాను. ఫిబ్రవరిలో పట్టిక చూసిన రోజే తెలిసింది. పేరు ముందు పడనీ అనుకున్నాను. ఆ అయిదారు వారాలూ నేను కూడా నీలాంటిదాన్నే. ఇది ఒప్పుకోవడానికి నాకు ఒంట్లో మంటగా ఉంది, నీ ముందు ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ.

మొన్న బెంగళూరు ఇంటర్వ్యూ అయింది. ప్రచురణలేమైనా ఉన్నాయా అని అడిగారు. నీ ముసాయిదా తీసి బల్ల మీద పెట్టాను. నిన్ను అడక్కుండా తీసుకెళ్లాను. అడక్కుండా తీసుకోవడం నీకు కొత్త కాదు కదా.

నలుగురూ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చదివారు. ఒకాయన, "ఇది మీ తప్పు గురించి కదమ్మా?" అన్నారు. నా తప్పే అన్నాను. పక్కనున్న ఆవిడ, "మొదటి రోజు ఎందుకు తీసేశారు?" అని అడిగారు. పీరా సాబ్ తాత సంగతి చెప్పాను, ఈసారి సగం కాదు, మొత్తం. తువ్వాల సంగతి, రెండు పిడికిళ్లూ పక్కపక్కన పెట్టే సంగతి. తర్వాత అరగంట సేపు ఆ ఐదు ఫోటాన్ల గురించే అడిగారు. తీసుకుంటారో లేదో జూన్లో గానీ చెప్పరు. నాకు నమ్మకం లేదు.

ఇక నీ ముసాయిదా. బస్సులో వస్తూ మళ్లీ చదివాను. చదివేకొద్దీ రక్తం ఉడికింది. మొదటి పేరాలో, "ఈ మూలాన్ని మా బృందం గుర్తించింది" అని రాశావు. రెండో పేరాలో, "తొలి రోజు డేటాను ప్రేమలత కారణం లేకుండా తొలగించారు" అని రాశావు. కనిపెట్టినప్పుడు బృందం. తప్పు చేసినప్పుడు ప్రేమలత. రెండేళ్లు దాటాక నా పేరు మొదటిసారి అచ్చులోకి వస్తుంటే, నేను గది తలుపు తీసుకుని లోపలికి రావడం ఎవరికీ కనబడదు, గాజు గ్లాసు పగలగొట్టడమే కనబడుతుంది.

తప్పు నాదని అచ్చేయి. పూర్తి పేరుతో అచ్చేయి, కోసిగి ప్రేమలత అని. తలొంచుకుని ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పు చేయడానికి నేను ముందు అక్కడ ఉండాలి కదా. ఉన్నానని రాయి. 11 జనవరి 2023న ఈ క్వేజార్‌ను మొదట గుర్తించింది ఎవరో రాయి. నీలం నోటుబుక్కు నీ దగ్గరే ఉంది, పేజీ వెతుక్కో. ఆ వాక్యం లేకుండా నేను సంతకం పెట్టను. నా సంతకం లేకుండా నువ్వు పేపరు వెనక్కి తీసుకోలేవు.

కోపం తగ్గిందా అని అడిగావు. లేదు.

ప్రేమలత


పూణే,
29 మే 2025.

ప్రేమా,

ఆ వాక్యం కలిపాను. మొదటి పేరాలో మొదటి వాక్యం అదే ఇప్పుడు. నోటుబుక్కు పేజీ ఫోటో కూడా జతచేశాను, పద్నాలుగు చుక్కల ముగ్గని అంచులో నేను గీసిన వెక్కిరింపు బొమ్మతో సహా. సార్ సంతకం పెట్టనన్నారు. పత్రికవాళ్లు ఆయన్ని వాళ్లే అడుగుతామన్నారు.

అసలు కాగితం పంపుతున్నాను. నోటుబుక్కు కూడా పంపుతున్నాను, అది నీది. సంతకాల చోట నా పేరు రెండో గీత మీద రాశాను. పైన మొదటి గీత ఖాళీగా ఉంది, నీ సంతకం అక్కడ పెట్టు.

సబా